చెస్ ల ఎదుటోళ్లు ఫస్ట్ మూవే బి4 ఆడితే బ్లాక్ తో ఎట్ల ఆడాలె

పోయిన నెల ఒక ఆదివారం హన్మకొండల రాపిడ్ టోర్నమెంట్ ఉంటే మా అక్క బిడ్డను తీస్కపోయిన. పదకొండేండ్ల పిల్ల, ఈ4 కి ఏం ఆడాలె, డి4 కి ఏం ఆడాలె అని మంచిగ ప్రిపేర్ అయ్యి వచ్చింది (ఇవి గడుల పేర్లు, ఏ నుంచి హెచ్ దాకా అక్షరం నిలువు వరుస, 1 నుంచి 8 దాకా అంకె అడ్డం వరుస, వైట్ దిక్కు నుంచి లెక్క). రెండో రౌండ్ల బ్లాక్, అంటే నల్ల పావులు వచ్చినయి, ఈమె క్లాక్ నొక్కంగనే ఎదురుంగ కూసున్న పిల్లగాడు బి2 ల ఉన్న పాన్ (బంటు) ని రెండు గడులు జరిపి బి4 ల పెట్టిండు. ఇంట్ల ఎవ్వరం నేర్పలే అది. పిల్ల జర సేపు ఆలోచించి ఈ6 ఆడింది, ఆయన బిషప్ (ఒంటె) ని బి2 ల పెట్టిండు, బి4 ల పాన్ కి కాపలా ఎవ్వరు లేరని ఈమె బిషప్ తోని దాన్ని కొట్టింది. ఆయన బిషప్ సీదా పోయి జి7 పాన్ ని కొట్టింది, ఎనుక హెచ్8 ల రూక్ (ఏనుగు) కి పోనీకె జాగ లేదు. మూడో మూవ్ కే గేమ్ చేతుల నుంచి పోయింది. బయటికి వచ్చి "మామా, ఊరికే ఉన్న పాన్ నే కద తీస్కున్న" అన్నది, కండ్లల్ల నీళ్లు.

ఆ రాత్రి బోర్డు వేసి ఇద్దరం కూసున్నం. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్న, ఎందుకంటె ఇప్పుడు మన దిక్కు ఆడే పిల్లలు మస్తు మంది. మన వరంగల్ పిల్లగాడు ఇరిగేశి అర్జున్ 2018 ల 14 ఏండ్లకే గ్రాండ్ మాస్టర్ అయిండు, 2024 ల బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్ ల టీమ్ గోల్డ్ తోని పాటు మూడో బోర్డు మీద సొంతంగ గోల్డ్ తెచ్చిండు, అదే ఏడు డిసెంబర్ లిస్టుల 2800 రేటింగ్ దాటిండు. ఆయన్ని చూసి బోర్డు కొనుక్కున్న ఇండ్లు నాకు తెలిసినయే ఎన్నో ఉన్నయి. పిల్లలకు ఈ4, డి4 నేర్పిస్తున్నరు, ఇట్లాంటి పక్క దారి ఓపెనింగ్ లు (ఆట మొదట్ల ఆడే వరుసలు) ఎవ్వరు చూపిస్తలేరు.

ముందుగాల పేర్ల సంగతి. మా నాయన వాళ్లు బంటు, గుర్రం, ఒంటె, ఏనుగు, మంత్రి అంటరు, టోర్నమెంట్ హాల్ల పాన్, నైట్, బిషప్, రూక్, క్వీన్ అంటరు, నేను హాల్ల మాటే రాస్త. బోర్డు దగ్గర పెట్టుకొని సదువుండ్రి, ఊరికే సదివితె మూడో లైన్ కే పావులు యాడున్నయో మరిచిపోతరు.

ఈ బి4 కి మూడు పేర్లు. పోలిష్ అంటరు, సోకోల్స్కీ అంటరు (సోవియట్ ఆటగాడు, దీని మీద 1963 ల ఒక పుస్తకమే రాసిండు), ఇంకోటి ఒరాంగుటాన్. ఈ మూడో పేరు ఎనుక కథ నాకు మస్తు ఇష్టం, 1924 ల న్యూయార్క్ టోర్నమెంట్ నడుస్తున్నప్పుడు టార్టకోవర్ అనే ఆటగాడు అక్కడి బ్రాంక్స్ జూ కి పోయిండు, అక్కడ సూసన్ అనే ఒరాంగుటాన్ ఉండె, తెల్లారి మరోజీ అనే ఇంకో ఆటగాడి మీద బి4 ఆడి ఇది ఆ ఒరాంగుటాన్ సలహా అన్నడు. గేమ్ మాత్రం బ్లాక్ తోని ఆడిన మరోజీయే గెలిచిండు. అదే టోర్నమెంట్ ల ఆడిన అలెఖైన్ దీని గురించి ఒక మంచి మాట రాసిండు, బ్లాక్ ఏం చేస్తదో తెల్వకముందే వైట్ తన ప్లాన్ బయట పెట్టేస్తుందని. ఆ మాట పట్టుకోండి, మనకు ఆడనే ఉన్నది లాభం.

ఇగ ఆట మొదలువెడ్దాం. బి4 చూడంగనే మొట్టమొదటి పని, చెయ్యి పావు మీదికి పోనియ్యకుండ ఒక్క ప్రశ్న అడగాలె, దీని తర్వాత వైట్ బిషప్ ఏడికి పోతది? బి2 కి. బి2 ల కూసున్న బిషప్ కి ఏం కనవడ్తది? సి3, డి4, ఈ5, ఎఫ్6, జి7, ఆఖరికి హెచ్8 ల మన రూక్. ఆ ఏటవాలు గీత మీద వేలు పెట్టి ఈ మూల నుంచి ఆ మూల దాకా గీసి చూడుండ్రి, పిల్లలకు నేర్పేటప్పుడు నేను గిదే చేయిస్త. ఈ గీత మతిల ఉంటే సగం భయం పోతది. మా పిల్ల ఈ6 ఆడినప్పుడు ఆ గీత మీద నడుమ ఏ పావు లేదు, అందుకే జి7 పోయింది. ఈ6 తప్పు మూవ్ కాదు, మంచి మూవే, కానీ దాని తర్వాత బి4 ని కొట్టకుండ ముందు నైట్ ని ఎఫ్6 ల పెట్టాలె, నైట్ అడ్డం నిల్చుంటది, అప్పుడు బి4 మీద దాడి నిజమైన దాడి అయితది.

ఇంకో తప్పు గూడ ఇప్పుడే చెప్పేస్త. చానా మంది అలవాటు కొద్ది ఈ5 ఆడి, బిషప్ బి2 రాంగనే ఈ5 ని కాపాడనీకె నైట్ ని సి6 ల పెడ్తరు. వైట్ బి5 అని పాన్ ని ఒక గడి తోస్తది, నైట్ లేవాలె, నైట్ లేస్తే ఈ5 పోతది. బి పాన్ ఆడ ఉన్నంత సేపు సి6 ల నైట్ కి నిలకడ లేదు, తొందరపడి పెట్టకుండ్రి.

మరి ఏం ఆడాలె? నా ఓటు ఈ5 కే. వైట్ పక్కకు పోయి పాన్ జరిపింది, నడుమ జాగ ఖాళీగ ఉన్నది, తీస్కోవాలె. ఈ5 ఆడితె ఎఫ్8 ల ఉన్న మన బిషప్ కి దారి తెరుచుకొని బి4 మీద దాడి గూడ పడ్తది, ఒక్క మూవ్ ల రెండు పనులు. వైట్ బిషప్ బి2 ఆడి మన ఈ5 మీద ఎదురు దాడి చేస్తది. ఇప్పుడు మనం బిషప్ తోని బి4 ని కొడ్తం, వాళ్లు బిషప్ తోని ఈ5 ని కొడ్తరు. పాన్ కి పాన్ సరిపోయింది. చూడనీకె మనం నడిమి పాన్ ఇచ్చి అంచు పాన్ తీస్కున్నట్టు ఉంటది, అది నిజమే, కానీ బదులుగ మనకు టైమ్ దొరుకుతది, వాళ్ల బిషప్ ఒక్కటే ఊరంత తిరిగి నడుమ ఒంటరిగ నిల్చున్నది, మనం దాన్ని బెదిరించుకుంట ఒక్కో పావు బయటికి తెస్తం.

కానీ ఆగండి, ఈ మూడో మూవే అన్నిటికంటె జాగ్రత్తగ ఆడాల్సిన మూవ్. వాళ్ల బిషప్ ఈ5 ల ఉన్నది, మళ్ల అదే గీత, మళ్ల జి7 మీదనే చూపు. ఆ బిషప్ ని ఎల్లగొడ్దామని డి6 ఆడితె జి7 కొట్టి రూక్ తీస్కపోతరు. నైట్ సి6 ఆడినా అదే గతి. నైట్ ఎఫ్6, ఇదొక్కటే మతిల పెట్టుకోండి, నైట్ వచ్చి గీతకు అడ్డం పడ్తది, క్యాస్లింగ్ (రాజును రూక్ దిక్కు రెండు గడులు జరిపి, రూక్ ని రాజు అవతలి పక్కకు తెచ్చే మూవ్) కి గూడ దారి అయితది. ఎఫ్6 కి పాన్ ని జరిపినా బతుకుతరు గని నైట్ కి ఉన్న మంచి జాగ పోతది, నాకు నచ్చది.

నైట్ ఎఫ్6 తర్వాత వైట్ ఎక్కువగ సి4 ఆడ్తది, మన డి5 ని ఆపనీకె. మనం క్యాస్లింగ్ చేసేస్తం. నడుమ ఎవరైనా సి4 తర్వాత క్వీన్ ని ఏ4 కి తెచ్చి మన బి4 బిషప్ ని బెదిరిస్తె అప్పుడు నైట్ సి6 మంచి మూవ్, బిషప్ ని కాపాడ్తది, ఈ5 బిషప్ మీద దాడి గూడ. బి పాన్ బోర్డు మీద లేదు కద, ఇప్పుడు సి6 ల నైట్ ని లేపేటోళ్లు ఎవ్వరు లేరు. ఇందాక వద్దన్న మూవ్ ఇప్పుడు ఎందుకు మంచిదైందో పిల్లలను అడగండి, వాళ్లే చెప్తె గుర్తుంటది.

వైట్ నైట్ ఎఫ్3 ఆడ్తది, మనం రూక్ ఈ8. ఇప్పుడు 'ఈ' అక్షరం నిలువు వరుసల మన పాన్ లేదు, మన రూక్ ఈ5 బిషప్ మీద, దాని ఎనుక ఎప్పటికైనా రాజు మీద చూపు పెట్టింది. వైట్ ఈ3 ఆడ్తది, మనం ధైర్యంగ డి5. వాళ్లు సి పాన్ తో డి5 ని కొడ్తరు, మనం నైట్ తో తిరిగి కొడ్తం. ఇక్కడ ఆగి బోర్డు చూడుండ్రి. మన నైట్ లేచింది కాబట్టి జి7 గీత తెరుచుకుంది అని భయం అనిపిస్తది గని ఇప్పుడు రూక్ ఆడ లేదు, రాజు క్యాస్లింగ్ చేసి జి8 ల ఉన్నడు, బిషప్ వచ్చి జి7 కొడితె రాజే కొడ్తడు.

ఇప్పుడు ఈ ఆటల నాకు అన్నిటికంటె ఇష్టమైన జాగ. వైట్ ఆడేటోళ్లల్ల చానా మంది ఇక్కడ అలవాటు మీద బిషప్ ఈ2 ఆడి క్యాస్లింగ్ కి రెడీ అయితరు. చూడనీకె మస్తు మామూలు మూవ్. మనం రూక్ తోని ఈ5 బిషప్ ని కొట్టేస్తం! వాళ్లు నైట్ తోని రూక్ ని కొడ్తరు. మనం క్వీన్ ఎఫ్6. ఇప్పుడు వాళ్ల ఈ5 నైట్ మీద మన క్వీన్ దాడి, ఆ నైట్ పక్కకు జరిగితె దాని ఎనుక గీత చివర ఏ1 ల వాళ్ల రూక్ పోతది. మళ్ల అదే గీత, కానీ ఈసారి మన దిక్కు నుంచి. డి4 పెట్టి నైట్ ని కాపాడుకుందాం అనుకుంటరు, కానీ కుదరది, ఎందుకంటె మన బి4 బిషప్ సి3, డి2 మీద నుంచి ఈ1 ల రాజును చూస్తున్నది, డి2 పాన్ కదిలితె రాజుకు చెక్, అందుకే అది కట్టేసినట్టు ఉన్నది. ఎఫ్4 పెట్టి కాపాడితె మన నైట్ ఈ3 పాన్ ని కొట్టి క్వీన్ మీద పడ్తది, డి2 పాన్ దాన్ని గూడ కొట్టలేదు, అదే కట్టు. ఏం చేసినా వైట్ కి ఒక పావు నష్టం. ఈ మధ్య ఇంట్ల నేను వైట్ తీస్కొని కావాలనే బిషప్ ఈ2 ఆడిన, మా పిల్ల చానా సేపు బోర్డు మీదికి వంగి చూసి, డి2 మీద వేలు పెట్టి "ఇది కదలది కద మామా" అని అడిగి రూక్ ఎత్తింది. ఆ ప్రశ్న అడిగినందుకు నాకు మస్తు సంతోషం అయింది, మూవ్ దొరికినందుకు కంటె.

వైట్ కి తెలివి ఉంటే బిషప్ ఈ2 ఆడకుండ ముందు ఈ5 బిషప్ ని బి2 కి ఎనుకకు తీస్కుంటది. అప్పుడు ట్రాప్ లేదు, బాధ పడకుండ్రి, పొజిషన్ మంచిగనే ఉన్నది. నైట్ సి6, సి8 బిషప్ జి4 కో ఎఫ్5 కో, అవసరమైతె బి4 బిషప్ ఎఫ్8 కి ఎనుకకు వచ్చి జి7 కి కాపలా. పాన్ లెక్క చూడుండ్రి, వాళ్లకు నడుమ డి, ఈ పాన్ లు ఉన్నయి, మనకు క్వీన్ సైడ్ ఏ, బి, సి మూడు ఉంటె వాళ్లకు ఏ ఒక్కటే. అంటే ఆట సాగి సాగి పావులు తగ్గినంక మన మూడు పాన్ లల్ల ఒకటి దారి చేసుకొని క్వీన్ కావొచ్చు. కాబట్టి వాళ్లు నడుమ డి4, ఈ4 అని దర్జాగ నడవకుండ చూసుకుంట, సమానమైన పావులు మార్చుకుంట పోతె ఎండ్ గేమ్ మన దిక్కు మొగ్గుతది. తొందర వద్దు.

సి4 ఆడకుండ నైట్ ఎఫ్3, ఈ3 అని నెమ్మదిగ వచ్చేటోళ్లు ఉంటరు, వాళ్ల మీద క్యాస్లింగ్, డి5, సి5, నైట్ సి6, ఇది సాఫీగ వస్తది.

ఇంకో రకం వైట్ ఉన్నరు, ఈ5 చూడంగనే బిషప్ ని బయటికి తియ్యకుండ ఏ3 ఆడి బి4 ని కాపాడుకుంటరు. వీళ్ల మీద కొట్టుకునుడు లేదు, మనకు నడుమ అంతా ఇనాం దొరికినట్టే. డి5 పెట్టండి, ఇప్పుడు ఈ5, డి5 రెండు పాన్ లు పక్కపక్కన నిల్చున్నయి. బిషప్ బి2 వస్తె మన బిషప్ ని డి6 ల పెట్టి ఈ5 కి కాపలా, తర్వాత నైట్ ఎఫ్6, వాళ్లు సి4 అంటె మనం సి6, వాళ్లు నైట్ ఎఫ్3 ఆడితె ఈ5 మీద రెండు దాడులు అయితయి కాబట్టి క్వీన్ ఈ7. ఆ తర్వాత క్యాస్లింగ్. నడిమి రెండు పాన్ లను ఊకె ముందుకు తొయ్యకుండ్రి, అవి పక్కపక్కన ఉంటెనే బలం, ఒకటి ముందుకు పోతె ఎనుకది ఒంటరి అయితది.

బి4 మీద కొట్టుకునుడే వద్దు, నాకు నిమ్మళంగ ఆట కావాలె అనేటోళ్లకు గూడ ఒక దారి ఉన్నది. మా కాజీపేట రైల్వే కాలనీల ఒక పెద్దమనిషి, రిటైర్ అయినంక రోజు సాయంత్రం బోర్డు వేసుకొని కూసుంటడు, ఎవ్వరు బి4 ఆడినా డి5, నైట్ ఎఫ్6, బిషప్ ఎఫ్5, ఈ6, ఇదే వరుస. సి8 బిషప్ ముందు బయటికి వచ్చేస్తది కాబట్టి ఈ6 పెట్టినంక లోపల ఇరికి ఉండది. ఈ6 తోని మన ఇంకో బిషప్ బి4 మీద కన్నేస్తది, వాళ్లు ఏ3 అన్న ఆడాలె, బి5 అన్న తొయ్యాలె. బి5 తోస్తె మన సి7 పాన్ ని రెండు గడులు సి5 కి పంపండి. వాళ్లు ఆన్ పాసాన్ రూల్ తోని (రెండు గడులు దుంకిన పాన్ ని, ఒక్క గడే జరిగినట్టు అనుకొని పక్కనున్న పాన్ తోని కొట్టుడు) దాన్ని కొట్టొచ్చు, కొడితె నైట్ తోని తిరిగి కొట్టి సి6 ల మంచిగ కూసోబెట్టొచ్చు. ఆన్ పాసాన్ ఆ ఒక్క మూవ్ కే చెల్లుతది అని పిల్లలకు మళ్ల గుర్తు చెయ్యండి, హాల్ల ఎక్కువ లొల్లి ఈ రూల్ మీదనే అయితది. ఎఫ్5 బిషప్ కి మాత్రం హెచ్6 పెట్టి ఎనుకకు పోయే సందు ఒకటి ఉంచండి, లేకుంటె నైట్ హెచ్4 కి వచ్చి దాన్ని పట్టుకుంటది. ఈ వరుస తోని ఓడిపోవుడు తక్కువ, కానీ వైట్ ని ఇబ్బంది పెట్టుడు గూడ తక్కువ, అందుకే నేను పిల్లలకు ఈ5 నే నేర్పిస్త.

డి5 ఆడేటోళ్లకు ఇంకో చిన్న చమత్కారం, బిషప్ బి2 తర్వాత క్వీన్ డి6. అంత తొందరగ క్వీన్ ని తియ్యొద్దని మనమే చెప్తం గని ఇక్కడ దానికి కారణం ఉన్నది, బి4 మీద దాడి, తర్వాత ఈ5 కి ఆసరా. వాళ్లు ఏ3 అంటె మనం ఈ5, నైట్ ఎఫ్3 అంటె నైట్ డి7. నడుమ మళ్ల మనదే.

ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ ల కొంత మంది ఈ5, బిషప్ బి2 తర్వాత ఎఫ్6 ఆడుమని చెప్తరు, ఈ5 గట్టిగ ఉంటదని. వైట్ కి తెలిసినోళ్లు దొరికితె ఈ4 ఆడి బి4 పాన్ ని ఊరికే ఇచ్చేస్తరు, మనం కొట్టంగనే బిషప్ ని సి4 కి తెస్తరు. ఎఫ్7 ఖాళీ కాబట్టి ఆ బిషప్ చూపు సీదా జి8 దాకా పోతది, మన రాజు క్యాస్లింగ్ చేసుకోలేడు. పెద్ద ప్లేయర్లు దాన్ని తట్టుకుంటరు, 15 నిమిషాల గేమ్ ల పిల్లలు తట్టుకోలేరు. వద్దు.

ప్రాక్టీస్ ఎట్ల అంటె, లైచెస్ అనే చెస్ వెబ్ సైట్ ఫ్రీగనే ఉంటది, అందుల బోర్డు ఎడిటర్ ఓపెన్ చేసి నైట్ ఎఫ్6 దాకా ఉన్న పొజిషన్ పెట్టి, అక్కడి నుంచి కంప్యూటర్ తోని బ్లాక్ గ ఆడండి, లెవెల్ తక్కువ పెట్టుకోండి. ఒక అయిదారు గేమ్ లు ఆడినంక దిక్కు మార్చి మీరే వైట్ తోని బి4 ఆడి చూడుండ్రి, ఎదుటోళ్లకు ఏ మూవ్ చూస్తె చికాకు అయితదో అప్పుడు తెలుస్తది. ఇంట్ల ఇద్దరు పిల్లలు ఉంటె ఇంకా మంచిది, ఒక్కొక్కరు ఒక దిక్కు. మూవ్ లు బట్టీ పట్టియ్యకుండ్రి, ప్రతి మూవ్ కి ముందు బి2 నుంచి హెచ్8 దాకా గీత మీద ఇప్పుడు ఎవరు ఉన్నరు అని పైకి చెప్పియ్యండి. గేమ్ ల అయితె నోరు తెరవొద్దు, పావు గూడ ముట్టుకోవద్దు, ముడితె ఆడాల్సిందే అని రూల్ ఉన్నది, కాబట్టి రెండు చేతులు ఒడిల పెట్టుకొని కండ్లతోనే గీత గీసుకొని, తర్వాత ఈ5.